గోల్ వెనక మా చోటు

మా హెల్మ్‌షా ఫుట్‌బాల్ జట్టు దేశంలో అన్నిటికంటే పైదైన మొదటి డివిజన్‌లో ఆడింది ఒకే ఒక్క ఏడాది. ఆ ఏడాది ఆ జట్టుకి గోల్‌కీపర్ మా అబ్బాయి డెరెక్. ఈ రెండు ముక్కలూ ఎవరికి చెప్పినా తల కొంచెం పైకెత్తే చెబుతాను. “అడుగునే కదా మిగిలారు?” అంటారు వాళ్ళు. “అవును, అడుగునే” అంటాను. అన్నా తల దించను.

ఆ ఆగస్టులో మా ఊరు పెళ్ళివారిల్లులా ఉండేది. రొట్టెల కొట్టు కిటికీ నిండా నీలం, తెలుపు కాగితాలు. మా నేత మిల్లులో మేస్త్రీ మగ్గాలకి ఆటగాళ్ళ పేర్లు పెట్టాడు. నేను చూసుకునే మగ్గాల్లో ఒకటి మాటిమాటికీ దారం తెంపుకునేది. దానికి మాత్రం డెరెక్ పేరు పెట్టడానికి వీల్లేదని పోట్లాడాను.

మా ఆయన క్లెమ్ బస్సు కండక్టరు. ఊహ తెలిసినప్పటి నుంచీ రైలుకట్ట వైపు గోల్ వెనక, సిమెంటు మెట్ల మీద, ఒకే చోట నిలబడి ఆట చూసినవాడు. పక్కన ఎప్పుడూ ఆల్ఫ్. ఆల్ఫ్ ఇంటింటికీ బొగ్గు వేసేవాడు. నోరు కూడా బొగ్గు లాంటిదే, ముట్టుకుంటే మసి. డెరెక్ చిన్నప్పుడు పెద్దవాళ్ళ వీపుల మధ్య ఆట కనబడక ఏడిస్తే, వాణ్ణి భుజాలెక్కించుకుని చూపించింది ఆ ఆల్ఫే. నేను మాత్రం ఏనాడూ వెళ్ళలేదు. పెళ్ళయిన కొత్తలోనే, శనివారం మధ్యాహ్నం నాకు మొగుడు లేడు అనుకుని ఇల్లు కడుక్కోవడం అలవాటు చేసుకున్నాను. కొడుకు ఆడటం మొదలుపెట్టాక కూడా అదే అలవాటు. వాడు బంతి కోసం దూకి నేల మీద పడితే చూడగలిగే గుండె కాదు నాది.

మొదటి ఆట లండన్‌లో. ఆరు గోల్స్ తిన్నాం. రెండోది మా ఊళ్ళోనే. ఇంకా ఆట సగంలో ఉండగానే క్లెమ్ ఇంటికి వచ్చేశాడు. నేను చీపురు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

“ఏం, అయిపోయిందా?”

“లేదు.”

కుడిచేతి కణుపులు చిట్లి రక్తం కారుతోంది. కుళాయి కింద పెట్టి కడుక్కుంటున్నాడు.

“ఎవర్ని కొట్టావు?”

“ఆల్ఫ్‌ని.”

నేను చీపురు గోడకి ఆనించాను. ఆల్ఫ్‌ని కొట్టడమంటే తన చెయ్యి తనే విరగ్గొట్టుకున్నట్టు.

“ఏమన్నాడు?”

“ఏమంటే ఏంలే. మన వాణ్ణి అన్నాడు. ఇంక నేను ఆటకి పోను, మూరియల్. అడక్కు.”

నేను అడగలేదు. తర్వాత తెలిసింది, ఆల్ఫ్‌కి ముందు పన్ను ఊడిపోయిందని.

ఆ తర్వాత శనివారాలు క్లెమ్ డెరెక్‌తో, “షిఫ్టు మార్చారురా, ఏం చెయ్యను” అనేవాడు. అని రైలుకట్ట అవతల మేం అద్దెకి తీసుకున్న కూరగాయల మడికి పోయేవాడు. అక్కడ చిన్న చెక్క గుడిసె ఉంది. మైదానం కనబడదు గానీ మోత వినబడుతుంది. మనవాళ్ళు గోల్ కొడితే ఒక మోత, అవతలివాళ్ళు కొడితే ఒక మూలుగు. ఆ శరత్కాలమంతా మా ఆయన విన్నది మూలుగులే.

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం పొద్దున డెరెక్ వంటింట్లో కూర్చుని బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళు కలిపి కట్టు కట్టి ఉన్నాయి.

“అమ్మా, నాన్నకి ఇవాళ కూడా డ్యూటీయేనా?”

“అనుకుంటాను.”

“ఆ చోటు ఖాళీగా ఉంటోంది. ఆల్ఫ్ బాబాయి పక్కన. జనం కిక్కిరిసి ఉంటారా, అక్కడ మాత్రం ఎవరూ నిలబడరు. పన్ను ఊడిపోయినట్టుంటుంది చూడ్డానికి.”

వాడికి ఏమీ తెలియదు. తెలియకే అన్నాడు ఆ మాట. వాడు వెళ్ళాక నేను చీపురు తియ్యలేదు. క్లెమ్ నీలం మఫ్లర్ మెడకి చుట్టుకుని బయలుదేరాను.

ఆల్ఫ్ నన్ను చూసి దారి తప్పి వచ్చానేమో అనుకున్నాడు.

“ఆడవాళ్ళకి అటువైపు బెంచీలున్నాయి మూరియల్.”

“నేను మా ఆయన చోటుకి వచ్చాను. ఇదేనా?”

“ఇదే.” టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “నేనే కాస్తున్నా. ఎవడన్నా ఎక్కబోతే మోచెయ్యి పెడుతున్నా.”

“నీ పన్ను ఎలా ఉంది?”

“అది లేదుగా, ఎలా ఉంటుంది?”

డెరెక్ మా వైపు గోల్‌లోకి వచ్చాడు. కట్టిన వేళ్ళతో చేతులు చరుచుకుంటూ మెట్ల వైపు చూశాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. మా మిల్లులో మగ్గాల మోతకి మాట వినబడదు. అందుకని మేం నేతగత్తెలం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. డెరెక్‌కి కూడా చిన్నప్పుడే వంటింట్లో ఆ విద్య పట్టుబడింది. అంత జనం కేకల్లో వాడు పెదాలు మాత్రం కదిపాడు: “నాన్నేడీ?”

నేనూ పెదాలతోనే అన్నాను: “బస్సు మీద.”

చప్పుడు లేకుండా చెప్పినా అబద్ధం అబద్ధమే.

ఇంకా నా కాళ్ళు నేల మీద కుదురుకోకముందే అవతలివాళ్ళు ఒక గోల్ కొట్టారు. ఆల్ఫ్ నా వైపు తిరిగాడు.

“చెవులు మూసుకో మూరియల్.”

“ఎందుకు?”

“మూసుకో, చెబుతాను.”

మూసుకున్నాను. ఆల్ఫ్ మైదానం వైపు తిరిగి నోరు తెరిచాడు. కానీ చెవులు మూసుకుని నాకేం లాభం? అక్షరం పొల్లుపోకుండా పెదాల మీదే చదువుకున్నాను. డెరెక్‌తో మొదలుపెట్టి మా వంశం మొత్తాన్ని ఉతికి ఆరేశాడు.

“అయింది. తియ్యి” అన్నాడు.

“మధ్యలో మా అత్తగారినెందుకు లాగావు ఆల్ఫ్? పోయినావిడ.”

ఆల్ఫ్ మొహం బీట్‌రూట్ ముక్కలా అయింది. “నీకు వినబడిందా?”

“నేను మిల్లులో పనిచేస్తాను.”

ఫ్లాస్కులోంచి వేడి మాంసం రసం మూతలోకి వంచి ఇచ్చాడు. “చూడు, వాణ్ణి భుజాల మీద మోసినవాణ్ణి నేను. నేను తిట్టకపోతే ఇంకెవడు తిడతాడు? పరాయి ఊరివాళ్ళా? వాళ్ళు నవ్వుతారు. నవ్వడం కంటే తిట్టడం మేలు కాదూ?”

ఆ మాట నాకు నచ్చింది. ఆ రోజు నుంచీ మా ఊళ్ళో ఆట ఉన్న ఏ శనివారమూ నేను మానలేదు.

ఆటలు గెలిచామా అంటే, లేదు. నవంబరు వానలో, బురదలో బంతి దొర్లనంటే దొర్లనని మొండికేసిన రోజున ఒక్క గోల్‌తో మొదటిసారి గెలిచాం. మెట్ల మీద ముక్కూమొహం తెలియనివాడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పి దింపాడు. “ఈవిడ గోల్‌కీపర్ తల్లిరా, జాగ్రత్త!” అని ఆల్ఫ్ అరిచాడు. ఇంటికి వచ్చేసరికి క్లెమ్ బూట్ల మట్టి గీక్కుంటూ కూర్చున్నాడు.

“ఒకటి–సున్నా” అన్నాను.

“విన్నాను.” తలెత్తకుండా అడిగాడు, “చివర్లో పెద్దగా ఊపిరి పీల్చినట్టు ఒక మోత వచ్చిందే, అదేంటి?”

“నీ కొడుకు. మూలకి పోతున్న బంతిని వేళ్ళ చివర్లతో నెట్టేశాడు.”

“ఏ చేత్తో?”

“ఎడమ. కట్టు కట్టిన చేత్తో.”

క్లెమ్ బూటు కింద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయాడు. బయట పనేం లేదు. వాన పడుతోంది కూడా.

క్రిస్మస్ దాటాక చలి బిగుసుకుంది. ఫిబ్రవరిలో ఒక శనివారం మైదానం కాస్త మెత్తబడిందని ఆడించారు. అయిదు గోల్స్ తిన్నాం. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, మడిలోంచి క్లెమ్ తెచ్చిన క్యాబేజీ.

“క్యాబేజీలకి మంచు దెబ్బ తగల్లేదు కదా నాన్నా?” అన్నాడు డెరెక్.

“లేదు. బానే ఉన్నాయి.”

“నిన్న కాలవ గట్టు మీద నీళ్ళు గడ్డకట్టి జారుతోందని దారి మూసేశారు. మడుల మీదుగా నడిచి వెళ్ళాను ఆటకి. నీ గుడిసె గొట్టంలోంచి పొగ వస్తోంది.”

క్లెమ్ చేతిలో ఫోర్కు ఆగింది. “నిన్న డ్యూటీ తొందరగా…” అని మొదలుపెట్టి ఆపేశాడు. పొడుగాటి అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

“నన్ను చూస్తే సిగ్గేస్తోందా?”

“ఛ! ఏం మాటరా అది!” కుర్చీ వెనక్కి నెట్టాడు గానీ లేవలేదు.

“మరి?”

చాలాసేపు బల్ల మీద ఉప్పుగిన్నెని ఇటూ అటూ జరిపాడు. తర్వాత అన్నాడు, “మన ఊళ్ళో మొదటి ఆట రోజున ఆల్ఫ్‌ని కొట్టి వచ్చేశాను. వాడేమన్నాడో తెలుసా? ‘వీడు పుట్టినప్పుడు మంత్రసాని చేతుల్లోంచి జారిపడుంటాడు, అందుకే వీడికీ జారవిడవడమే వచ్చు’ అన్నాడు. మెట్ల మీద అందరూ పగలబడి నవ్వారు.”

“దానికి కొట్టావా?”

“ఆ మాట నాదిరా. నువ్వు పుట్టకముందు మనకి వెబ్‌స్టర్ అని ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. పాపం మంచివాడే. ఒకరోజు బంతి జారవిడిచాడని నేనే కట్టాను ఆ మాట. ఆ రోజు నేనే పెద్ద మొనగాణ్ణి అక్కడ. అందరూ వీపు తట్టారు. ఆల్ఫ్ దాన్ని ఇన్నేళ్ళూ దాచిపెట్టి, నీ మీద వేశాడు. వెబ్‌స్టర్ నాన్న ఆ పూట ఏ మెట్టు మీద నిలబడ్డాడో అని అప్పుడు తట్టింది నాకు. అంతకుముందే నా చెయ్యి లేచిపోయింది.”

నేను డెరెక్ మొహం చూడటానికి భయపడ్డాను. వాడు నవ్వుతున్నాడు.

“బాగుంది నాన్నా అది.”

“ఏం బాగుంది?”

“నిజంగా బాగుంది. మా జట్టువాళ్ళకి చెబుతాను.” తర్వాత నవ్వు ఆపాడు. “ఎవరేం తిట్టినా నాకు వినబడదు నాన్నా. బంతి వచ్చేటప్పుడు ఏదీ వినబడదు. అది లోపలికి పోయాక వెనక్కి తిరిగి వల్లోంచి తియ్యాలి చూడు, అదే కష్టం. అప్పుడు మెట్ల మీద మొహాలన్నీ కనబడతాయి. ఆ మొహాల్లో నీది ఉంటే చాలు. కోపంగా ఉన్నా ఫర్వాలేదు.”

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే లేచి దించాను.

“పుడ్డింగ్ మీద కస్టర్డ్ పొయ్యనా?” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“పొయ్యి” అన్నాడు క్లెమ్. “వాడికి కాస్త ఎక్కువ పొయ్యి.”

మళ్ళీ మా ఊళ్ళో ఆట రెండు వారాల తర్వాత. ఆ శనివారం నేను మఫ్లర్ కోసం కొక్కేనికి చెయ్యి చాపితే, అది అక్కడ లేదు. క్లెమ్ మెడలో ఉంది. గుమ్మంలో నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు.

“నీకు వేరేది కొనుక్కో” అన్నాడు. “పద.”

ఆల్ఫ్ మమ్మల్నిద్దర్నీ చూసి కొంచెం పక్కకి జరిగాడు.

“బస్సు లేటయిందా?”

“అయింది.”

“బాగానే అయింది.” ఆల్ఫ్ పన్ను లేని సందులోంచి సన్నగా ఈల వేసి చూపించాడు. “దీనికి మాత్రం బాగా పనికొస్తోంది, నీ పుణ్యమా అని.”

క్లెమ్ జేబులోంచి కాగితంలో చుట్టిన మాంసం రొట్టె తీసి, సగం విరిచి అతనికిచ్చాడు. వాళ్ళ రాజీ అంతే. ఆడవాళ్ళమైతే ఒక పూటంతా పట్టేది. డెరెక్ గోల్‌లోకి వచ్చి మా వైపు చూసి, ఏమీ అనకుండా తిరిగి నిలబడ్డాడు. వాళ్ళ నాన్నని చూశాడని వాడి వీపు చూస్తేనే నాకు తెలిసింది.

ఆ రోజు గెలవలేదు, ఓడలేదు. తర్వాత రెండు ఆటలు గెలిచాం. మార్చి అంతా ఊరికి ఆశ పుట్టింది. ఏప్రిల్‌కి వచ్చేసరికి సంగతి ఒక్క ఆటకి చేరింది. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన జట్టు, వాళ్ళూ మాతో పాటే మునుగుతున్నవాళ్ళు. గెలిస్తే ఉంటాం. లేకపోతే కింది డివిజన్‌కి పోతాం.

చెరో గోల్ అయింది. కాసేపట్లో ఆట ముగుస్తుందనగా అవతలివాడెవడో దూరం నుంచి బంతిని ఊరికే తన్నాడు. బలమేమీ లేదు. పసిపిల్లలు తన్నినట్టు దొర్లుకుంటూ వచ్చింది. డెరెక్ వంగాడు. బంతి వాడి చేతుల మధ్యనుంచి, కాళ్ళ మధ్యనుంచి, మా కళ్ళ ముందే గీత దాటి వల్లోకి పోయింది.

అంత జనం ఒక్కసారిగా మూగబోవడం నేను అంతకుముందు వినలేదు. రైలుకట్ట మీద పోతున్న గూడ్సుబండి పెట్టెల చప్పుడు వినబడింది. తిట్లు కూడా లేవు. తిట్టినా బాగుండేది. ఆల్ఫ్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

డెరెక్ మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. తర్వాత బంతి కోసం వెనక్కి తిరిగాడు. మెట్ల మీద మొహాలన్నీ వాడి ఎదురుగా ఉన్నాయి. వాడి పెదాలు కదలలేదు. నా పెదాలకీ మాట రాలేదు.

“తియ్యరా డెరెక్!”

అది క్లెమ్ గొంతు. బస్సులో పై అంతస్తు దాకా వినబడే కండక్టరు గొంతు. మైదానం ఆ చివరి దాకా వినబడి ఉంటుంది.

“తియ్యి! ఇంకా ఆట ఉంది! తీసి ఆడు!”

డెరెక్ తండ్రి మొహం చూశాడు. చూసి బంతి తీసి, మధ్య గీత దాకా తన్ని, తన చోటుకి వచ్చి చేతులు చరుచుకుని నిలబడ్డాడు.

“విన్నావుగా మీ నాన్న మాట!” ఆల్ఫ్ అరిచాడు. “ఆడరా!”

వాళ్ళ వెనక ఎవరో, ఆ వెనక ఇంకెవరో అందుకున్నారు. కాసేపట్లో మెట్లన్నీ కలిసి మా వాడి పేరు పిలవడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఆ పేరు అక్కడ తిట్టుకి ముందో వెనకో మాత్రమే వినబడేది. అవతలివాళ్ళు ఇంకోసారి దూసుకొచ్చారు. ఒకడు మరీ దగ్గర్నుంచి తన్నాడు. డెరెక్ ఛాతీ అడ్డం పెట్టి ఆపాడు. మనవాళ్ళు చివరిదాకా కిందామీదా పడ్డారు గానీ గోల్ పడలేదు. ఈల మోగింది. కింది డివిజన్‌కి పోయాం.

ఎవరూ కదల్లేదు. తక్కిన ఆటగాళ్ళు తలలు వంచుకుని లోపలికి పోయారు. డెరెక్ ఒక్కడే గోల్ దగ్గర ఆగి, మెట్ల వైపు తిరిగి, చేతులు రెండూ కిందికి వదిలేసి మా అందరి ముందూ నిలబడ్డాడు. ఏమన్నా అనాలనుకుంటే అనండి, ఇక్కడే ఉన్నాను అన్నట్టు. ఆల్ఫ్ టోపీ తీశాడు. ఈసారి వెంటనే పెట్టుకోలేదు.

సీజన్‌లో చివరి ఆట మే మొదట్లో, మా ఊళ్ళోనే. పక్క మహానగరం నుంచి పెద్ద జట్టు వచ్చింది. గెలిచినా ఓడినా మాకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. అయినా మైదానం నిండిపోయింది. మిల్లులో నాతో పనిచేసే ఆడవాళ్ళు పదిమంది దాకా వచ్చారు. ఆల్ఫ్ వాళ్ళని చూసి, “ఇంతమందిని చెవులు మూసుకోమంటే నేను తిట్టేదెప్పుడు?” అని గోల పెట్టాడు. మా వాళ్ళు, “మాకు వినక్కర్లేదులే, నువ్వు కానీ” అన్నారు.

ఆ పెద్ద జట్టువాళ్ళు డెరెక్ మీదకి వరదలా వచ్చారు. వాడు దూకాడు, పడ్డాడు, లేచాడు. ఒకసారి బంతి మొహానికి తగిలి ముక్కు వెంట రక్తం కారింది. నేను కళ్ళు మూసుకోలేదు. చొక్కా చేతికి తుడుచుకుని మళ్ళీ నిలబడ్డాడు. ఒక్క గోల్ ఇవ్వలేదు. మనవాళ్ళు కొట్టలేదు, వాళ్ళు కొట్టలేకపోయారు. సున్నా–సున్నాకి అంత సంబరం చేసిన ఊరు దేశంలో ఇంకోటి ఉండదు. ఆల్ఫ్ ఏడ్చాడు, కంట్లో బొగ్గు నలుసు పడిందన్నాడు.

మా జట్టు మళ్ళీ మొదటి డివిజన్ మొహం చూడలేదు. డెరెక్ మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ మాకే ఆడాడు. కానీ నాకు ఆ సీజన్ అంటే గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

ఆటగాళ్ళు ఎప్పుడూ వెనక గేటు నుంచి పోతారు. ఆ రోజు డెరెక్ పెద్ద గేటులోంచి, మా దగ్గరికి వచ్చాడు. ముక్కు వాచి ఉంది, జుట్టు తడిగా ఉంది, భుజాన బూట్ల సంచి. క్లెమ్ ఆ సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. “బరువేం లేదు నాన్నా, ఇలా ఇవ్వు” అన్నాడు వాడు. “నాకు తెలుసులే, నడు” అన్నాడు ఈయన.

మిల్లు వీధి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. మగవాళ్ళు తల ఊపారు. ఒక ముసలావిడ, “అబ్బాయ్, ముక్కుకి చన్నీళ్ళ గుడ్డ పెట్టుకో” అంది. “పెడతాడులెండి” అని క్లెమ్ జవాబు చెప్పాడు, చెప్పింది తనకే అన్నట్టు.

వంతెన దగ్గర తండ్రీకొడుకులిద్దరూ ఆగి వెనక్కి తిరిగారు.

“వెనకబడిపోయావేంటి మూరియల్? ముందుకి రా.”

“మీరు నడవండి” అన్నాను. “నాకు ఇక్కణ్ణుంచే బాగా కనబడుతోంది.”